హార్పర్స్ ఫెర్రీ తిరుగుబాటు, 1859: ఆస్బర్న్ ఆండర్సన్ కళ్లారా చూసినది ఎంత?

పాతపుటలు (చర్చ ప్రారంభించినవారు)

1859 అక్టోబరు 16, ఆదివారం రాత్రి, అమెరికాలో అప్పటి వర్జీనియా రాష్ట్రంలోని హార్పర్స్ ఫెర్రీ పట్టణం మీద, బానిసలను విడిపించడానికి జాన్ బ్రౌన్ జరిపిన దాడిని గురించి మనం చదివే కథనాలు చాలావరకు బ్రౌన్ ఒక్కడి చుట్టూనే తిరుగుతాయి. ఆయన గడ్డం, ఆయన బైబిలు, ఆయన ఉరి, ఆ ఉరి తరువాత ఏడాదిన్నర తిరగకుండానే మొదలైన అంతర్యుద్ధం, ఇంతే. ఆ రాత్రి ఆయనతో నడిచినవారిలో ఒకడు ప్రాణాలతో తప్పించుకుని, 1861లో బోస్టన్‌లో తన సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడన్న సంగతి చాలామందికి తెలియదు. అతని పేరు ఆస్బర్న్ పెర్రీ ఆండర్సన్; పుస్తకం పేరు ‘ఎ వాయిస్ ఫ్రమ్ హార్పర్స్ ఫెర్రీ’. దానిలోని కొన్ని అధ్యాయాలను ఇక్కడ కలిసి చదవాలని, వీలైతే తెలుగులోకి తేవాలని ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

ముందుగా మనిషి గురించి. ఆండర్సన్ 1830లో పెన్సిల్వేనియాలో పుట్టిన స్వేచ్ఛా నల్లజాతీయుడు, వృత్తిరీత్యా అచ్చుపనివాడు. కెనడాలోని చాథమ్‌లో మేరీ ఆన్ షాడ్ కేరీ నడిపిన ‘ప్రావిన్షియల్ ఫ్రీమన్’ పత్రికలో పనిచేశాడు. 1858 మే నెలలో బ్రౌన్ అదే ఊరిలో రహస్య సమావేశం జరిపి, విముక్తి పొందబోయే ప్రజల కోసం తాత్కాలిక రాజ్యాంగాన్ని ఆమోదింపజేసుకున్నప్పుడు, ఆండర్సన్ ఆ ఏర్పాటులో శాసన ప్రతినిధిగా ఎన్నికయ్యాడు. ఆ సభకు వచ్చినవారిలో ఎక్కువమంది నల్లజాతివారే. ఏడాది తరువాత కబురు అందినప్పుడు చాథమ్ నుంచి కదిలివచ్చి తుపాకి పట్టినవాడు మాత్రం ఆండర్సన్ ఒక్కడే.

దాడికి సిద్ధమైన దళంలో బ్రౌన్ కాక 21 మంది ఉన్నారు. వారిలో ఐదుగురు నల్లజాతివారు: ఆండర్సన్, డేంజర్‌ఫీల్డ్ న్యూబీ, లూయిస్ షెరిడాన్ లియరీ, జాన్ కోప్‌లాండ్, షీల్డ్స్ గ్రీన్. మేరీలాండ్ వైపు ఐదు మైళ్ల దూరంలో ఐజాక్ స్మిత్ అనే మారుపేరుతో బ్రౌన్ అద్దెకు తీసుకున్న కెనెడీ పొలంలోని ఇంటి అటకమీద వీళ్లంతా పగలంతా దాక్కుని ఉండేవారు. బ్రౌన్ కూతురు యానీ, కోడలు మార్తా ఇంటిపని చేస్తూ, ఇరుగుపొరుగు వచ్చినప్పుడల్లా అటకమీదివారిని హెచ్చరిస్తూ కాపలా కాశారు. వారిద్దరినీ సెప్టెంబరు చివరలో ఇంటికి పంపించేశారు.

ఆదివారం రాత్రి ఎనిమిది గంటల వేళ బయలుదేరారు. ముగ్గురిని పొలం దగ్గర కాపలాకు ఉంచి, మిగిలిన పద్దెనిమిది మంది బ్రౌన్ తోలుతున్న బండి వెనుక ఇద్దరిద్దరుగా మాటా పలుకూ లేకుండా నడిచారనీ, ఆ నడక శవయాత్రలా ఉందనీ ఆండర్సన్ రాశాడు. ప్రాణం తీయకుండా పని జరిగే వీలుంటే తీయవద్దనీ, తమ ప్రాణం కాపాడుకోవడానికి తప్పనిసరి అయితే మాత్రం వెనుకాడవద్దనీ బ్రౌన్ చివరిసారిగా చెప్పిన మాటలను కూడా అతనే నమోదు చేశాడు. ఆ తరువాతి ముప్పై ఆరు గంటల్లో జరిగినదానికి తిరుగుబాటుదారుల వైపు నుంచి, పట్టణం లోపల నిలబడి పోరాడి బతికి బయటపడిన మనిషి రాసిన పుస్తకం ఇదొక్కటే. టిడ్, బ్రౌన్ కొడుకు ఓవెన్ వంటివారు బతికారు గాని, పోరు జరుగుతున్నప్పుడు వారు నదికి అవతల ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పుస్తకం విలువ బ్రౌన్ గురించి చెప్పినదానిలో కంటే, ఆ రాత్రి బానిసల ఇళ్ల ముందు ఆండర్సన్ చూసినదానిలో ఎక్కువగా ఉంది.

లౌడన్_వాసి

పాతపుటలు గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నేను ఉత్తర వర్జీనియాలో ఉంటాను. ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది వారాంతాల్లో హార్పర్స్ ఫెర్రీకి కొండ ఎక్కడానికీ, నది చూడడానికీ వెళతారు. పట్టణం ఇప్పుడు పశ్చిమ వర్జీనియాలో ఉంది, ఎందుకంటే ఆ రాష్ట్రం ఏర్పడిందే 1863లో. పుస్తకం చదివేవారికి అక్కడి నైసర్గిక స్వరూపం తెలియకపోతే సగం విషయాలు అర్థం కావు కనుక కొంచెం వివరిస్తాను.

పొటోమాక్, షెనాండోవా నదులు కలిసే చోట, మూడు వైపులా కొండలు ఎత్తుగా లేచిన మూలలో ఊరు ఇరుక్కుని ఉంటుంది. పొటోమాక్ ఒడ్డున ప్రభుత్వ ఆయుధ కర్మాగారం, దాని గేటు పక్కనే, బ్రౌన్ చివరికి చిక్కుకున్న అగ్నిమాపక యంత్రాల గది. వీధికి ఇవతల తయారైన తుపాకులను నిల్వచేసే ఆయుధాగారం. షెనాండోవా ఒడ్డున అర మైలు పైకి వెళితే రైఫిల్ కర్మాగారం. బ్రౌన్ తన కొద్దిమందినీ ఈ మూడు చోట్లా, రెండు వంతెనల మీదా పంచవలసి వచ్చింది. కొండ ఎక్కి తుపాకి పట్టిన ఎవడైనా కింద ఉన్న ప్రతి వీధినీ గురిపెట్టగలడు. ఊరిని పట్టుకోవడం తేలిక, పట్టు నిలుపుకోవడం అసాధ్యమని అక్కడ నిలబడి చూస్తే సైనిక విద్య తెలియని నాబోటివాడికి కూడా తోస్తుంది. బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ ఆ ఆగస్టులో చేంబర్స్‌బర్గ్ రాతి గనిలో బ్రౌన్‌ను కలిసి, మీరు ఉక్కు బోనులోకి వెళుతున్నారని హెచ్చరించింది ఇందుకే. డగ్లస్ వెనక్కి వెళ్లాడు. ఆయన వెంట వచ్చిన షీల్డ్స్ గ్రీన్ మాత్రం తాను ముసలాయనతోనే వెళతానన్నాడు.

ఇప్పుడు పర్యాటకులు చూసే ‘జాన్ బ్రౌన్ కోట’ ఆ అగ్నిమాపక గదే గాని, ఉన్నది అసలు చోటున కాదు. దానిని 1891లో విప్పి, 1893 నాటి చికాగో ప్రదర్శనకు తీసుకుపోయారు, తరువాత తెచ్చి ఒక పొలంలో నిలబెట్టారు, 1909లో ఆ ఊరిలోని నల్లజాతి విద్యార్థుల స్టోరర్ కళాశాల ఆవరణకు మార్చారు, 1968లో ఊరి కిందికి తెచ్చారు. అసలు స్థలాన్ని రైల్వే గట్టు కప్పేసింది. అక్కడ ఒక స్తంభం మాత్రం ఉంది. ఆయుధాగారాన్ని 1861 ఏప్రిల్‌లో వెనుదిరిగి వెళుతున్న ప్రభుత్వ సైనికులే తగలబెట్టారు కనుక పునాదులే మిగిలాయి.

సాక్ష్యం_కావాలి

నేను కోర్టులో సాక్షులను అడ్డుప్రశ్నలు వేస్తూ బతికినవాణ్ణి కనుక, ఈ పుస్తకాన్ని కూడా ఆ కళ్లతోనే చదివాను. నా అభ్యంతరాన్ని సూటిగా చెబుతాను. సోమవారం, అంటే 17వ తేదీన, తనకూ సహచరుడు ఆల్బర్ట్ హాజ్‌లెట్‌కూ ఆయుధాగారంలో స్థానం ఇచ్చారనీ, బ్రౌన్ బందీ అయ్యాడని చూసి, ఇక తాము ఆయనకు ఏ విధంగానూ ఉపయోగపడలేమని తెలుసుకున్న తరువాతే అక్కడి నుంచి కదిలామనీ ఆండర్సన్ అంటాడు. బ్రౌన్ పట్టుబడింది మంగళవారం ఉదయం. అప్పటికి రాబర్ట్ ఇ. లీ నాయకత్వంలో మెరైన్ సైనికులు రాత్రే చేరుకున్నారు, చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చిన మిలీషియాలతో (పౌరసేనలతో) ఊరు కిటకిటలాడుతోంది. వీధికి అవతలే ఉన్న భవనంలో ఇద్దరు సాయుధులు రాత్రంతా ఎవరి కంటా పడకుండా ఉండి, పట్టపగలు వెనుక గోడ దూకి వెళ్లిపోయారంటే ఏ న్యాయమూర్తీ ఒప్పుకోడు. చాలామంది చరిత్రకారులు వాళ్లిద్దరూ సోమవారం సాయంత్రమే చీకటి చాటున తప్పుకున్నారని భావించడానికి కారణం ఇదే.

ఇలా చెప్పవలసిన అవసరం అతనికి ఎందుకు కలిగిందన్నది కూడా చూడాలి. మిగతావారంతా చచ్చిపోయారు లేదా ఉరికంబం ఎక్కారు. నువ్వెలా బతికావని ఎవరో ఒకరు అడుగుతారు. నాయకుణ్ణి విడిచి పారిపోయాడన్న మాట పడకుండా ఉండడానికి సాక్షి తన నిష్క్రమణ వేళను కొన్ని గంటలు ఆలస్యంగా చూపాడనుకుంటే ఆశ్చర్యం లేదు. అయితే ఒక్క చోట నమ్మలేనివాడిని మొత్తంగా తోసిపుచ్చాలా అన్నది వేరే ప్రశ్న. మన న్యాయస్థానాలు కూడా అలా తోసిపుచ్చవు, వడ్లూ పొల్లూ వేరుచేస్తాయి.

పాతపుటలు

సాక్ష్యం_కావాలి గారి అభ్యంతరం బలమైనదే. చివరి దాడి వర్ణనకు నేను కూడా అతని పుస్తకం మీద ఆధారపడను. నిచ్చెనతో ఢీకొట్టి తలుపు పగలగొట్టడం, లెఫ్టినెంట్ ఇజ్రాయెల్ గ్రీన్ అలంకారపు కత్తితో బ్రౌన్‌ను పొడిస్తే అది వంగిపోవడం వంటివన్నీ లోపల ఉన్న బందీల, దాడిచేసిన సైనికుల కథనాల నుంచే మనకు బాగా తెలుస్తాయి. లొంగిపొమ్మన్న లేఖ పట్టుకుని తలుపు దగ్గరకు వెళ్లినవాడు జె.ఇ.బి. స్టూవర్ట్, కొద్దికాలానికే లీ, స్టూవర్ట్ ఇద్దరూ బానిస రాష్ట్రాల సైన్యంలో సేనానులయ్యారన్నది వేరే కథ.

కాని ఆదివారం అర్ధరాత్రి నుంచి సోమవారం మధ్యాహ్నం వరకు అతను ఎక్కడ ఉన్నాడన్న దానిలో వివాదం లేదు. దళసభ్యుడు స్టీవెన్స్ నాయకత్వంలో ఆరుగురు, వారిలో ఆండర్సన్, లియరీ, షీల్డ్స్ గ్రీన్ ముగ్గురూ నల్లజాతివారు, కర్నల్ లూయిస్ వాషింగ్టన్ ఇంటికి వెళ్లారు. ఈ కర్నల్ మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ సోదరుని వంశంవాడు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ జార్జ్ వాషింగ్టన్‌కు పంపాడని చెప్పుకునే ఖడ్గం ఆ ఇంట్లో ఉంది. దానిని కర్నల్ చేతి నుంచి నల్లజాతివాడే అందుకోవాలని బ్రౌన్ ముందే ఆదేశించాడు, ఆండర్సన్ అందుకున్నాడు. నా బానిసలను తీసుకుపోండి, నన్ను మాత్రం ఇంట్లో వదిలేయండి అని కర్నల్ బేరమాడాడనీ, మీరు కూడా రావలసిందేనని స్టీవెన్స్ బదులిచ్చాడనీ ఆండర్సన్ రాశాడు. కర్నల్ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడని కూడా అంటాడు. కర్నల్ ప్రభుత్వ విచారణలో చెప్పిన కథలో ఆ ఏడుపు లేదు, ఉండదు కూడా.

నన్ను ఆపేసిన ఘట్టం దాని పక్కనే ఉంది. బానిసల గుడిసెల దగ్గర ఒక తల నెరిసిన ముసలమ్మ వచ్చినవారిని ముద్దుపెట్టుకుని, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలంటూ, అందరినీ మోకరిల్లమని చెప్పి ప్రార్థన చేసింది. దారిలో కలిసిన నల్లవాళ్లకు సంగతి చెప్పగానే, ఇలాంటి అదను కోసమే చాలాకాలంగా కాచుకుని ఉన్నామంటూ వెంటనే చేరారు; స్టీవెన్స్ వారిని చుట్టుపక్కల కబురు చేయమని పంపించాడు.

నల్లరేగడి

పాతపుటలు గారికి ఒక ప్రశ్న. నేను చదివిన పాఠ్యపుస్తకంలోనూ, చాలా వ్యాసాల్లోనూ ‘బానిసలు ఎవరూ లేచి రాలేదు, అందుకే దాడి విఫలమైంది’ అని ఒకే వాక్యం కనిపిస్తుంది. బ్రౌన్ ఈటెలు తెచ్చింది బానిసలకు ఇవ్వడానికే గదా. కనెక్టికట్ కమ్మరి చేత చేయించిన ఆ దాదాపు 950 ఈటెలనూ ఎవరూ పట్టుకోలేదా? ఆ జెఫర్సన్ కౌంటీలో దాదాపు 4,000 మంది బానిసలు ఉండగా ఒక్కరూ కదలలేదంటే నాకు నమ్మశక్యంగా లేదు.

సాక్ష్యం_కావాలి

నల్లరేగడి గారూ, ‘ఎవరూ రాలేదు’ అన్న వాక్యం మొదట ఎవరి నోట వచ్చిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. వర్జీనియా గవర్నరు వైజ్, బానిసల యజమానులు, సెనేటరు మేసన్ అధ్యక్షతన 1860లో నివేదిక ఇచ్చిన విచారణ సంఘం, అందరిదీ అదే మాట. మా బానిసలు సంతృప్తిగా ఉన్నారు, ఉత్తరాదివాడు వచ్చి తుపాకి చూపించి లాక్కుపోయాడు, సందు దొరకగానే మా దగ్గరకే తిరిగి వచ్చారు అని చెప్పకపోతే వారి లోకమే కూలిపోతుంది. ఆండర్సన్‌కు దీనికి నేరుగా విరుద్ధమైన ప్రయోజనం ఉంది. కనుక ఇద్దరి మాటనూ పక్కన పెట్టి, ఎవరి ప్రయోజనానికీ అనుకూలించని వాస్తవాలను చూడాలి.

అలాంటివి కొన్ని ఉన్నాయి. కర్నల్ వాషింగ్టన్ దగ్గర బండి తోలే జిమ్ అనే బానిస రైఫిల్ కర్మాగారం దగ్గర పోరు జరిగిన సమయంలో నీళ్లలో మునిగి చనిపోయాడు. ఆల్‌స్టాట్ అనే మరో యజమాని బానిస బెన్, కోప్‌లాండ్‌తో పాటు అక్కడే పట్టుబడి, చార్లెస్ టౌన్ జైలులో జబ్బుచేసి చనిపోయాడు. అతనికి సేవ చేయడానికి వెళ్లిన తల్లి కూడా అదే జబ్బుతో పోయింది. బలవంతంగా లాక్కురాబడిన నిరపరాధిని యజమాని ఇంటికి పంపకుండా జైలులో ఎందుకు పెట్టినట్లు? మేరీలాండ్ వైపు బడిలోకి ఆయుధాలు చేరవేస్తున్నప్పుడు నల్లవాళ్లు సాయపడ్డారని ఆ బడి పంతులే విచారణలో చెప్పాడు, కుక్ అనే దళసభ్యుడి వాంగ్మూలంలో కూడా ఉంది. ఆ శీతాకాలంలో చార్లెస్ టౌన్ చుట్టుపక్కల గడ్డివాములూ ధాన్యపు కొట్లూ వరసగా తగలబడ్డాయి, వాటిలో బ్రౌన్ కేసు జ్యూరీ సభ్యులవీ ఉన్నాయి.

వీటన్నిటినీ కలిపి చూస్తే వందలాది మంది లేచారని చెప్పలేము గాని, ఎవరూ రాలేదన్న వాక్యం నిలవదు. వచ్చినవారు కొద్దిమంది, వారిలో కొందరు ఆయుధం పట్టారు, కొందరు చనిపోయారు. ఎదురుదాడి మొదలయ్యాక బతికి ఉన్నవారు ఇంటికి చేరి, నన్ను బలవంతాన తీసుకుపోయారు దొరా అన్నారు. ఆ మాట తప్ప ఇంకేమన్నా మెడకు ఉరి తప్పేది కాదు గదా. ఆ ఒక్క వాక్యాన్నే యజమానులు బానిసల మనోగతంగా రాసుకున్నారు. దాడి చివరి ఘడియల గురించి ఆండర్సన్ మాట నిలవకపోయినా, ఈ విషయంలో అతని సాక్ష్యానికి బయటి నుంచి బలం దొరుకుతోంది.

నిర్వాహకులు

వెట్టి చాకిరితోనూ తెలంగాణ సాయుధ పోరాటంతోనూ పోలిక తెస్తూ వచ్చిన రెండు టపాలను వేరే చర్చకు తరలించాము. అవి విలువైనవే, అయితే ఇక్కడ హార్పర్స్ ఫెర్రీ మీదే మాట్లాడుకుందాము.

కొత్తగా_చేరాను

సభ్యులకు నమస్కారం. నాకు ఒక విషయం మింగుడు పడడం లేదు. బానిసలను విడిపించడానికి వచ్చిన దళం చేతిలో మొట్టమొదట చనిపోయినవాడు స్వేచ్ఛా నల్లజాతీయుడని చదివాను. ఇది నిజమేనా? నిజమైతే ఆండర్సన్ దాని గురించి ఏమన్నాడు?

లౌడన్_వాసి

నిజమే. అతని పేరు హేవర్డ్ షెపర్డ్, రైల్వే స్టేషనులో సామాన్లు చూసుకునేవాడు. సోమవారం వేకువకు ముందు, ఒంటిగంట దాటాక వచ్చిన బాల్టిమోర్ - ఒహాయో కంపెనీ రైలును దళంవారు ఆపినప్పుడు, ఏం జరిగిందో చూడడానికి వంతెన వైపు నడిచాడు; ఆగమన్నా ఆగకుండా వెనక్కి తిరగడంతో కాల్చారు. కొన్ని గంటలు బాధపడి చనిపోయాడు. ఆండర్సన్ దీనిని పొరపాటున జరిగిన చావుగానే చూపుతాడు. ఆ చోట అతని పుస్తకం చాలా పేలవంగా ఉందని నా అభిప్రాయం; ఇంకో రెండు పేజీలు రాసి ఉండవలసింది.

ఆ చావును తరువాత ఎవరెవరు ఎలా వాడుకున్నారో కూడా చెప్పాలి. దక్షిణాది సైనికుల వారసుల సంఘాలు 1931లో అక్కడ షెపర్డ్ పేరిట ఒక శిల నాటి, యజమానులకు విశ్వాసంగా ఉన్న నల్లవాళ్లకు ప్రతీకగా అతణ్ణి చూపించాయి. అతను ఎవరికీ బానిస కాడు, విశ్వాసం చూపడానికి అతనికి యజమానీ లేడు. తన ఉద్యోగం చేసుకుంటూ చనిపోయాడు. దానికి జవాబుగా నల్లజాతి మేధావి డు బోయిస్ బ్రౌన్‌ను కీర్తిస్తూ రాసిన ఫలకాన్ని 1932లో స్టోరర్ కళాశాల పెట్టనివ్వలేదు. అది 2006లో గాని ఆ ఆవరణకు చేరలేదు. నల్లజాతివారి హక్కుల కోసం అదే డు బోయిస్ ముందుండి నడిపిన నయాగరా ఉద్యమం 1906లో అక్కడే సమావేశమై, ఆ అగ్నిమాపక గదిని చూడడానికి కొందరు చెప్పులు విడిచి నడిచారు. మనం గుడికి వెళ్లినట్లే.

చనిపోయిన పట్టణవాసుల్లో మేయరు ఫోంటెయిన్ బెక్‌హామ్ కూడా ఉన్నాడు, చేతిలో ఆయుధం లేకుండా బయటికి తొంగిచూసి. ఆయన వీలునామా ప్రకారం ఒక బానిస కుటుంబానికి విముక్తి లభించింది. ఆయన చావుకు ప్రతీకారంగా గుంపు, బందీగా ఉన్న విలియమ్ థాంప్సన్‌ను వంతెన మీదికి ఈడ్చుకుపోయి కాల్చి చంపింది.

కలంకారి

డేంజర్‌ఫీల్డ్ న్యూబీ గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. దళసభ్యుల్లో మొదట చనిపోయినవాడు అతనే, నలభై దాటిన మనిషి, తెల్ల తండ్రికీ బానిస తల్లికీ పుట్టి విముక్తి పొందినవాడు. అతని భార్య హ్యారియెట్, పిల్లలు మాత్రం అదే వర్జీనియాలోని బ్రెంట్స్‌విల్‌లో బానిసలుగానే ఉండిపోయారు. వారిని కొనడానికి డబ్బు కూడబెట్టాడు గాని బేరం కుదరలేదు. అతని శవం మీద భార్య ఉత్తరాలు దొరికాయి. ఆ ఏడాది ఆమె రాసినవాటిలో, డబ్బున్నా లేకపోయినా ఈ శరదృతువులో తప్పకుండా రా, నిన్ను చూడాలన్నదే నా ముందున్న ఒక్క ఆశ అన్న మాటలున్నాయి. యజమానికి డబ్బు అవసరమై తనను అమ్మేస్తాడేమో, అలా జరిగితే ఇక ఈ లోకంలో ఆశలన్నీ పోయినట్లే అని కూడా రాసింది.

ఆ శవానికి గుంపు చేసిన అవమానాన్ని వర్ణించడం నాకు ఇష్టం లేదు, ఆండర్సన్ మాత్రం దాచలేదు. దాడి తరువాత హ్యారియెట్‌ను లూసియానాకు అమ్మేశారు.

బ్రౌన్ సిద్ధాంతం, రాజ్యాంగం, ఉత్తరాది ధనికులు రహస్యంగా అందించిన డబ్బు, అన్నీ ముఖ్యమైనవే. కాని ఆ ఐదుగురు నల్లవాళ్లు ఎందుకు వచ్చారో తెలియాలంటే న్యూబీ జేబులోని కాగితాలే చాలు. లియరీ తన భార్యకు చెప్పకుండానే ఒబర్లిన్ నుంచి వచ్చాడు. అతని చిన్న బిడ్డకు అప్పటికి ఆరు నెలలు. ఆ భార్య తరువాత మళ్లీ పెళ్లి చేసుకుంది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆమె మనవడు.

నల్లరేగడి

కలంకారి గారూ, ఈ సంగతి ఇంతకుముందు ఎక్కడా చదవలేదు, ధన్యవాదాలు. మరొక ప్రశ్న ఉంది. సోమవారం ఉదయానికి పట్టణం అంతా వారి చేతిలో ఉంది గదా, అప్పుడే కొండల్లోకి ఎందుకు వెళ్లిపోలేదు? బ్రౌన్ ఎందుకు ఆగిపోయాడు?

పాతపుటలు

ఈ ప్రశ్నకు ఆండర్సన్ ఇచ్చిన జవాబు నిజాయితీగా ఉంది. కెప్టెన్ (బ్రౌన్) హుషారుగా తిరుగుతూనే ఉన్నాడు గాని, అప్పుడప్పుడూ కొంత అయోమయంలో పడినట్లు తనకు అనిపించిందని రాశాడు. తాను ఆరాధించిన మనిషి గురించి, ఆయన ఉరి అయిన రెండేళ్లలోపే, ఆయన భక్తులు చదివే పుస్తకంలో ఈ వాక్యం రాయడం చిన్న విషయం కాదు. ఊరిని పట్టుకుని కూర్చోవడం, బందీలతో మంతనాలాడడం అసలు పథకంలో లేవనీ, ఆ ఆలస్యం వల్లే వార్త నలువైపులా పాకి సైన్యాలు వచ్చి చుట్టుముట్టాయనీ అతను స్పష్టంగా చెబుతాడు. రైఫిల్ కర్మాగారం నుంచి దళసభ్యుడు కాగీ, బయలుదేరుదాం రండి అని మళ్లీ మళ్లీ కబురు పంపాడు. బ్రౌన్ ఆపిన రైలును తెల్లవారేసరికి వదిలిపెట్టాడు. అది అవతలి స్టేషనుకు చేరగానే తంతి కదిలింది. బందీల కుటుంబాలు కంగారు పడతాయని వారిని ఇళ్లకు వెళ్లి కబురు చెప్పి రానివ్వడం, వారికోసం హోటలు నుంచి ఉదయపు భోజనం తెప్పించడం, ఇవన్నీ చేస్తూ ఆయన గడియలు పోగొట్టుకున్నాడు.

ఇక్కడ ప్రత్యర్థుల జ్ఞాపకాలు కూడా అక్కరకు వస్తాయి. ఆయుధ కర్మాగారంలో జీతాల గుమాస్తాగా ఉండి బందీ అయిన జాన్ డేంజర్‌ఫీల్డ్ (న్యూబీ మొదటి పేరుతో కలగాపులగం చేయవద్దు) 1885లో తన జ్ఞాపకాలు ప్రచురించాడు. బ్రౌన్ తమను మర్యాదగా చూశాడనీ, గుళ్లు తగలని చోట ఉండమని హెచ్చరించాడనీ రాశాడు. మీరు చేస్తున్నది దేశద్రోహమని తాను బ్రౌన్‌తో అన్నప్పుడు, పక్కనున్న ఇద్దరు కుర్రవాళ్లు అది నిజమేనా అని కెప్టెన్‌ను అడిగి, అలాగైతే ఇక పోరాడలేము, బానిసలను విడిపించడానికే వచ్చామనుకున్నాము అన్నారని కూడా రాశాడు. ఆ ఇద్దరూ తెల్లవారాక దాడిలో చనిపోయారు. ఒక కొడుకు చనిపోయి పక్కన పడి ఉండగా, మరొక కొడుకు నాడి ఒక చేత్తో చూస్తూ, రెండో చేత్తో తుపాకి పట్టుకుని తనవారికి ధైర్యం చెప్పాడని బ్రౌన్ గురించి చెప్పినవాడు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడని ఆండర్సన్ అన్న ఆ కర్నల్ వాషింగ్టనే.

సాక్ష్యం_కావాలి

ఒక మాట కలుపుతాను. డేంజర్‌ఫీల్డ్ ఇరవై ఆరేళ్ల తరువాత రాశాడు, ఆండర్సన్ రెండేళ్లలోపే రాశాడు. కాలం గడిచేకొద్దీ జ్ఞాపకం గుండ్రబడుతుంది. అదీగాక ఆండర్సన్ పుస్తకాన్ని తీర్చిదిద్దింది మేరీ ఆన్ షాడ్ కేరీ, చెయ్యి తిరిగిన సంపాదకురాలు. అలంకారాలు ఎక్కువైన చోట ఆమె కలం ఉందేమో అనుకోవచ్చు; ‘కెప్టెన్ అయోమయంలో పడినట్లు అనిపించింది’ వంటి పొడి వాక్యాలు మాత్రం అక్కడ ఉన్నవాడివే.

కలంకారి

ఆండర్సన్ తరువాత ఏమయ్యాడో కూడా చెప్పండి, పాతపుటలు గారూ.

పాతపుటలు

హాజ్‌లెట్‌తో కలిసి పడవలో పొటోమాక్ దాటి మేరీలాండ్ కొండల్లోకి వెళ్లాడు. హాజ్‌లెట్ పాదాలు పుండ్లుపడి నడవలేకపోవడంతో విడిపోయారు. హాజ్‌లెట్ పెన్సిల్వేనియాలో మారుపేరుతో పట్టుబడ్డాడు. జైలులో ఉన్న సహచరులెవరూ ఇతను మాకు తెలుసునని చెప్పలేదు, అయినా 1860 మార్చి 16న స్టీవెన్స్‌తో పాటు ఉరితీశారు. ఆండర్సన్ యార్క్ పట్టణంలో విలియమ్ గుడ్రిడ్జ్ అనే నల్లజాతి వ్యాపారి సాయంతో ఫిలడెల్ఫియాకూ, అక్కడినుంచి కెనడాకూ చేరాడు. దళంలో బతికి బయటపడినవారు ఐదుగురే, వారిలో నల్లవాడు ఇతనొక్కడే. గ్రీన్, కోప్‌లాండ్‌లను డిసెంబరు 16న ఉరితీశాక వారి దేహాలను వైద్య విద్యార్థులు తవ్వి తీసుకుపోయారు. కోప్‌లాండ్ తల్లిదండ్రులు ప్రాధేయపడినా శవం దక్కలేదు. ఆండర్సన్ 1872 డిసెంబరులో వాషింగ్టన్ నగరంలో క్షయతో చనిపోయాడు. నలభై రెండేళ్లు.

మరుసటి ఏడాదే, 1873లో, మహాత్మా జ్యోతిబా ఫూలే తన ‘గులామ్‌గిరి’ని నీగ్రో బానిసత్వాన్ని నిర్మూలించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఈ చర్చకు మన దేశంతో ఉన్న నేరైన సంబంధం ఇదొక్కటే అనుకుంటాను.

అనువాదం విషయం. కర్నల్ వాషింగ్టన్ ఇంటి అధ్యాయాన్ని నేను మొదలుపెడతాను. కలంకారి గారు న్యూబీ చనిపోయిన ఘట్టాన్నీ, హ్యారియెట్ ఉత్తరాలనూ తీసుకుంటే బాగుంటుంది. చివరి అధ్యాయాలను తెలుగు చేసినప్పుడు సోమవారం సాయంత్రం, మంగళవారం ఉదయం అన్న వివాదాన్ని అదే పేజీ కింద రాయాలి. ఆ వాక్యాలు రాయవలసినవారు సాక్ష్యం_కావాలి గారే.

సాక్ష్యం_కావాలి

రాస్తాను. లౌడన్_వాసి గారూ, ఆయుధాగారం పునాదుల దగ్గర నిలబడి, రైల్వే గట్టు మీది స్తంభం కనిపించేలా ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టగలరా? అగ్నిమాపక గది అసలు ఉన్న చోటుకూ ఆండర్సన్ నిలబడిన చోటుకూ మధ్య ఎంత దూరమో, తలుపు కనిపించేదో లేదో చూసిన తరువాతే ఆ వివరణ రాయడం న్యాయం.

లౌడన్_వాసి

ఈ శనివారం వెళుతున్నాను, తీసి పెడతాను. గట్టు ఇప్పుడు అసలు నేలకంటే బాగా ఎత్తుగా ఉంది కనుక, ఫోటో ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి; 1859 నాటి పటం కూడా దాని పక్కనే పెడతాను.